తెలుగునాట హిమోఫిలియా

రక్తం గడ్డకట్టడానికి కావలసిన, ‘ఫ్యాక్టర్లు’ అనే ప్రొటీన్లలో ఒకటి పుట్టుకతోనే కొరవడితే వచ్చే వ్యాధి హిమోఫిలియా. కొరవడింది ఎనిమిదో ఫ్యాక్టర్ అయితే హిమోఫిలియా-ఎ, తొమ్మిదోది అయితే హిమోఫిలియా-బి. ఈ వ్యాధి ఉన్న ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురిది ఎ రకమే. జనం దీన్ని ‘దెబ్బ తగిలితే రక్తం ఆగని జబ్బు’ అంటారు. అందులో సగమే నిజం. వేలు తెగినప్పుడు హిమోఫిలియా ఉన్నవారి రక్తం ఇతరుల కన్నా వేగంగా కారదు, ఎక్కువసేపు కారుతుంది. అసలు ప్రమాదం పైకి కనిపించే ఆ రక్తం కాదు. ఏ దెబ్బా తగలకుండానే మోకాలిలో, మోచేతిలో, చీలమండలో, కండరాల్లో, ఒక్కోసారి మెదడులో లోలోపల కారే రక్తం. తెలుగు రాష్ట్రాల్లో హిమోఫిలియా ఉన్నవారి ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకోవాలంటే వారి మోకాళ్లు చూడాలి. ఏ వయసులో వ్యాధి బయటపడింది, చికిత్సగా ఎక్కించే ఫ్యాక్టర్ ఎన్నిసార్లు వేళకు అందలేదు అన్నదంతా అక్కడ తెలిసిపోతుంది.

రక్తంలో ఫ్యాక్టర్ ఎంత ఉందన్నదాన్ని బట్టి వ్యాధిని మూడు స్థాయిలుగా విభజిస్తారు. ఒక శాతం కన్నా తక్కువుంటే తీవ్రం, ఒకటి నుంచి అయిదు శాతం దాకా మధ్యస్థం, అయిదు నుంచి నలభై దాకా స్వల్పం. తీవ్రమైన వ్యాధి ఉన్నవారికి కారణం లేకుండానే రక్తస్రావం అవుతుంది. స్వల్పంగా ఉన్నవారిలో చాలామందికి పన్ను పీకించుకున్న రోజు దాకా, ఏదో ఆపరేషన్ బల్ల ఎక్కిన రోజు దాకా సంగతే తెలియదు.

ఎందరున్నారు

వైద్యం, నమోదు రెండూ బాగా సాగే ఆరు దేశాల రిజిస్ట్రీలను కలిపి వేసిన లెక్క ఒకటి 2019లో వెలువడింది. దాని ప్రకారం ప్రతి లక్ష మంది మగవారిలో 17.1 మందికి హిమోఫిలియా-ఎ, 3.8 మందికి బి ఉంటాయి. వారిలో తీవ్రమైన వ్యాధి ఉన్నవారు వరుసగా 6.0, 1.1. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మగవారు 4 కోట్ల 24 లక్షలు. పై రేట్లను ఈ సంఖ్యతో గుణిస్తే రెండు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు 8,900 మంది, అందులో తీవ్రమైన వ్యాధి ఉన్నవారు మూడు వేల మంది ఉండాలి. ఇది ఇల్లిల్లూ తిరిగి తీసిన లెక్క కాదు, అంచనా మాత్రమే. వైద్యం అందని చోట పిల్లలు చిన్నతనంలోనే చనిపోతారు కాబట్టి బతికి ఉన్నవారు ఇంతకన్నా తక్కువే ఉండవచ్చు.

దేశం మొత్తానికి ఇదే కొలత వేస్తే లక్షా ముప్పై వేల వరకు తేలుతుంది. ప్రపంచ హిమోఫిలియా సమాఖ్య ఇటీవలి వార్షిక సర్వేల్లో మన దేశంలో గుర్తించినట్టు చూపుతున్నవారు పాతిక వేలకు అటూ ఇటూ. మిగతావారు ఏమైనట్టు? కొందరు స్వల్ప వ్యాధితో తెలియకుండానే బతుకుతున్నారు. కొందరు పసితనంలోనే మెదడులో రక్తస్రావమై, ఫిట్స్ అనో జ్వరం అనో పేరు పడి పోయారు. ఇంకొందరు ఊళ్లలో ‘కీళ్లవాతం పిల్లాడు’గా మిగిలారు. చికిత్స కొరత గురించి మాట్లాడేవారు మొదట ఈ లెక్క కొరత గురించి మాట్లాడాలి. కొనవలసిన మందు ఎంతో తేలేది రోగుల సంఖ్యను బట్టే.

మేనమామ గురించిన ప్రశ్న

నీలం మచ్చలతో, వాచిన మోకాలితో వచ్చిన మగపిల్లాడిని చూడగానే అనుభవం ఉన్న డాక్టరు తల్లిని అడిగే మొదటి ప్రశ్న: “నీ అన్నదమ్ముల్లో ఎవరికైనా ఇలా ఉండేదామ్మా?” మేనమామ పోలిక అని మనవాళ్లు ముద్దుగా అనుకునే మాట ఇక్కడ వైద్యశాస్త్రపు ఆధారమవుతుంది. ఎనిమిది, తొమ్మిది ఫ్యాక్టర్ల జన్యువులు రెండూ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగవాడికి ఆ క్రోమోజోమ్ ఒక్కటే ఉంటుంది, అది తల్లి నుంచే వస్తుంది. ఆడపిల్లకు రెండు ఉంటాయి కనుక ఒకటి చెడినా రెండోది చాలావరకు ఆదుకుంటుంది. అయినా ఆమె ఆ జన్యువును మోస్తూనే ఉంటుంది. వాహకురాలైన తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ వ్యాధి వచ్చే అవకాశం సగం, ప్రతి కూతురూ వాహకురాలయ్యే అవకాశం సగం. వ్యాధి ఉన్న తండ్రి నుంచి కొడుకులకు ఇది రాదు. కూతుళ్లందరూ మాత్రం వాహకులవుతారు.

మూడింట ఒక వంతు మందిలో కుటుంబంలో ముందెవరికీ వ్యాధి ఉండదు, జన్యువు కొత్తగా మారి ఉంటుంది. కాబట్టి మేనమామలందరూ ఆరోగ్యంగా ఉన్నారన్నంత మాత్రాన హిమోఫిలియా కాదని తేల్చెయ్యడానికి వీల్లేదు.

తెలుగు ఇళ్లలో ఈ వ్యాధి మాట రాగానే ‘మేనరికం చేసుకున్నారా’ అంటారు. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. హిమోఫిలియా రావడానికి మేనరికం కారణం కాదు. ఏ బంధుత్వమూ లేని దంపతులకూ ఇది అంతే సులువుగా వస్తుంది. కానీ వ్యాధి అప్పటికే ఇంట్లో ఉన్నప్పుడు ఏ వరస మేనరికం అన్నది చాలా తేడా తెస్తుంది. హిమోఫిలియా ఉన్న అబ్బాయి మేనత్త కూతుర్ని చేసుకుంటే అదనపు ప్రమాదం లేదు, ఎందుకంటే అతని జన్యువు తల్లి వైపు నుంచి వచ్చింది, మేనత్త తండ్రి వైపు మనిషి. మేనమామ కూతుర్ని చేసుకుంటే, ఆ మేనమామ ఆరోగ్యవంతుడైతే అక్కడా భయం లేదు. ఆయనకూ వ్యాధి ఉంటే మాత్రం ఆ అమ్మాయి తప్పనిసరిగా వాహకురాలే. ఇక అక్క కూతురు. తల్లి వాహకురాలైన ఇంట్లో అక్క వాహకురాలయ్యే అవకాశం సగం, ఆమె కూతురు అయ్యే అవకాశం నాలుగో వంతు. భార్యాభర్తలిద్దరి నుంచీ చెడిన జన్యువు చేరే ఇలాంటి పెళ్లిళ్లలో ఆడపిల్లలకూ పూర్తిస్థాయి హిమోఫిలియా రాగలదు. అలాంటి దంపతులకు పుట్టే కూతుళ్లలో సగం మందికి వ్యాధి ఉంటుంది, మిగతా సగం వాహకులవుతారు. మన పెళ్లి వరసలకు ఇంత సూటిగా వర్తించే జన్యుపాఠం మరొకటి అరుదు. అయినా సంబంధాలు మాట్లాడుకునే చోట దీన్ని విడమరచి చెప్పేవారు లేరు.

మేనరికానికి ఆ చెడ్డపేరు రావడానికి వేరే కారణం ఉంది. ఏడు, పది, పదమూడు ఫ్యాక్టర్ల లోపాలు, గ్లాంజ్‌మన్ అనే ప్లేట్‌లెట్ల లోపం వంటి అరుదైన రక్తస్రావ వ్యాధులు తల్లిదండ్రులిద్దరి నుంచీ జన్యువు వస్తేనే బయటపడతాయి. అవి మేనరికాలు ఎక్కువున్న దక్షిణాదిలో తరచుగా కనిపించడం సహజం. ఊరి మాటల్లో ఈ రెండు రకాలూ కలిసిపోయాయి. దాని ఫలితం తల్లి మీద పడుతుంది. ‘నీ పుట్టింటి జబ్బు’ అనే మాట పడని తల్లి ఈ కుటుంబాల్లో అరుదు. ఏ జన్యువు మారాలో ఎవరూ ఎంచుకోరని ఆ ఇంటి పెద్దలకు డాక్టరే కూర్చోబెట్టి చెప్పాలి. అది కూడా చికిత్సలో భాగమే.

తొలి గుర్తులు

పాకడం మొదలుపెట్టిన నెలల్లో మోకాళ్ల మీద, ఎత్తుకున్నప్పుడు వేళ్లు ఆనే చంకల కింద గట్టి ఉండలతో నీలం మచ్చలు కనిపిస్తాయి. టీకా వేసిన తొడ వాచిపోతుంది. పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు పడిన చిన్న కత్తిగాటు, చెవులు కుట్టించిన రంధ్రం, సున్తీ గాయం, ఊడిన పాలపన్ను… ఇలా వేడుకగా జరుపుకున్న రోజే చాలా ఇళ్లలో వ్యాధి మొదటిసారి తలుపు తడుతుంది. రక్తం ఆగినట్టే ఆగి, మర్నాడు మళ్లీ కారడం దీని లక్షణం.

పరీక్ష కష్టమైనది కాదు. ప్లేట్‌లెట్లు మామూలుగా ఉంటాయి, రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే రెండు పరీక్షల్లో పీటీ మామూలుగా ఉంటుంది, ఏపీటీటీ ఒక్కటే పెరుగుతుంది. ఈ మూడూ జిల్లా కేంద్రంలో చేయించుకోవచ్చు. చిక్కు తర్వాతి మెట్టులో ఉంది. ఏ ఫ్యాక్టర్ ఎంత శాతం ఉందో కొలిచే పరీక్ష పెద్ద నగరాల్లోని ల్యాబుల్లోనే నమ్మకంగా జరుగుతుంది. లేతనీలం మూత ఉన్న ట్యూబులో గీత దాకా నిండుగా రక్తం తీసి, కొద్ది గంటల్లోనే ప్లాస్మాను వేరు చేయాలి. ట్యూబు సగమే నిండినా, ఎండలో ఆటోలో తిరిగినా అంకె తప్పు వస్తుంది.

మోకాలిలో ఏం జరుగుతుంది

హిమోఫిలియాలో రక్తస్రావాల్లో ముప్పాతిక భాగం కీళ్లలోనే. వాపు రాకముందే పిల్లలకు తెలుస్తుంది. ‘లోపల చీమలు పాకుతున్నట్టుంది’ అంటారు. తర్వాత కీలు వెచ్చబడుతుంది, బిగుస్తుంది, కాలు చాపలేక సగం మడిచి పెట్టుకుంటారు. చీమలు పాకుతున్న ఆ మొదటి గంట, రెండు గంటల్లో ఫ్యాక్టర్ ఎక్కితే మర్నాడు పిల్లాడు బడికి పోవచ్చు. ఎక్కకపోతే వారం పది రోజులు మంచంలోనే.

ఆ గంటల్లో ఇళ్లలో జరిగేది తరచుగా దీనికి పూర్తిగా విరుద్ధం. బెణికిందనుకుని ఆముదం రాసి మర్దన చేస్తారు, ఉప్పుమూటతో కాపడం పెడతారు, గట్టిగా కట్టు కడతారు. వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి. మర్దనకు అప్పుడప్పుడే పడుతున్న గడ్డ చెదిరిపోతుంది. చేయవలసింది కాలు ఎత్తుగా పెట్టి కదలనివ్వకుండా ఉంచడం, తువ్వాలులో చుట్టిన ఐసు ఆనించడం, వెంటనే ఫ్యాక్టర్ కోసం బయలుదేరడం. నొప్పికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్ జోలికి, చిన్న క్లినిక్కుల్లో అలవాటుగా నడుముకు పొడిచే నొప్పి ఇంజెక్షన్ జోలికి పోకూడదు. కండరంలో దిగిన ఆ సూదే మరో రక్తస్రావానికి మొదలు.

కీలులో చేరిన రక్తం కరిగిపోయినా దానిలోని ఇనుము అక్కడే మిగులుతుంది. ఆ ఇనుముకు కీలు లోపలి పొర ఉబ్బుతుంది, అందులో కొత్త రక్తనాళాలు పుడతాయి, అవి మరింత సులువుగా చిట్లుతాయి. ఆరు నెలల్లో ఒకే కీలులో మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు దానంతటదే రక్తస్రావమైతే దాన్ని ‘టార్గెట్ జాయింట్’ అంటారు. అక్కడి నుంచి మృదులాస్థి అరగడం, ఎముక గరుకుబారడం, తొడ కండరం సన్నబడటం వరసగా జరుగుతాయి. పాతికేళ్లకే మోకాలు పూర్తిగా చాచలేక మునివేళ్ల మీద నడిచేవారు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. మనది నేల మీద సాగే జీవితం. భోజనానికి బాసింపట్టు వేయలేకపోవడం, పీట మీద కూర్చుంటే లేవలేకపోవడం, ఊళ్లో మరుగుదొడ్డి వాడలేకపోవడం, పొలం గట్టు మీద అడుగు నిలవకపోవడం వంటివి పాశ్చాత్య ప్రశ్నావళుల్లో సరిగా కనిపించవు. రోగిని అడిగితే మొదట చెప్పేవి మాత్రం ఇవే.

కండరాల రక్తస్రావాల్లో మోసకారిది పొత్తికడుపు వెనక, తుంటి ముందు భాగంలో వచ్చేది. కుడివైపు వస్తే అచ్చం అపెండిసైటిస్ లాగే ఉంటుంది. వ్యాధి సంగతి తెలియక కత్తి పెడితే ప్రాణం మీదికి వస్తుంది. ప్రాణాలు తీసేవాటిలో మొదటిది మాత్రం మెదడులో రక్తస్రావమే. తలకు దెబ్బ తగిలిన పిల్లాడికి స్కాన్ కోసం ఎదురుచూడకుండా ముందు ఫ్యాక్టర్ ఎక్కించాలి, ఆ తర్వాతే స్కాన్.

కీళ్లను కాపాడేది మందొక్కటే కాదు, వాటి చుట్టూ ఉండే కండరం కూడా. కబడ్డీ వద్దు, కాలవలో ఈత మంచిది, సైకిల్ మంచిది. పడిపోతాడనే భయంతో పిల్లాణ్ని మంచం దిగనివ్వని ఇళ్లలో కండరం బలహీనపడి రక్తస్రావాలు ఇంకా పెరుగుతాయి.

ఫ్యాక్టర్ దారి

ఒకప్పుడు రక్తం, ఆ తర్వాత ప్లాస్మా ఎక్కించడమే చికిత్స. 1964లో అమెరికన్ శాస్త్రవేత్త జుడిత్ పూల్ గడ్డకట్టించిన ప్లాస్మాను చల్లగానే మెల్లగా కరిగించి, దాని నుంచి ఎనిమిదో ఫ్యాక్టర్ ఎక్కువగా ఉండే ‘క్రయో’ తీసే పద్ధతి కనిపెట్టారు. మన బ్లడ్ బ్యాంకుల్లో అది ఇప్పటికీ అక్కరకొస్తోంది. ఆ తర్వాత పొడి రూపంలో సీసాల్లో వచ్చే గాఢ ఫ్యాక్టర్లు, 1990ల నుంచి మనిషి రక్తంతో పని లేకుండా తయారయ్యేవి వచ్చాయి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఫ్యాక్టర్ ఉచితంగా దొరకడం తెలుగు రాష్ట్రాల్లో వచ్చిన అతిపెద్ద మార్పు. రోగులు, వారి తల్లిదండ్రులు ఏళ్ల తరబడి వినతిపత్రాలు పట్టుకుని తిరిగితే వచ్చింది అది. అశోక్ బహదూర్ వర్మ చొరవతో 1983లో ఢిల్లీలో పుట్టిన హిమోఫిలియా ఫెడరేషన్, హైదరాబాద్, విజయవాడ వంటి చోట్ల ఉన్న దాని శాఖలు ఆ పోరాటానికి ఇరుసు.

కిలో బరువుకు ఒక యూనిట్ ఎక్కిస్తే ఎనిమిదో ఫ్యాక్టర్ రెండు శాతం పెరుగుతుంది. ఇరవై కిలోల పిల్లాడికి మోకాలి రక్తస్రావం ఆపడానికి నలభై శాతం కావాలంటే 400 యూనిట్లు పట్టాలి. ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో అందులో సగం ఖర్చయిపోతుంది. ఫ్రిజ్‌లో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచిన సీసాను బయట పెట్టి చల్లదనం పోనివ్వాలి. పొడిలో కలిపే నీటిని సీసా గోడ వెంబడి మెల్లగా దించి, రెండు అరచేతుల మధ్య సీసాను దొర్లించాలి. కుదిపితే నురగ వచ్చి ప్రొటీన్ చెడుతుంది. సన్నని సీతాకోకచిలుక సూది నరంలోకి దిగాక, సిరంజిలో ఎర్రటి చుక్క కనిపిస్తే అప్పుడు నిదానంగా ఎక్కించాలి. నర్సింగ్ చదవని తల్లులు కొడుకు చేయి ఒళ్లో పెట్టుకుని ఈ పనంతా వంటింటి వెలుతురులో చేస్తున్నారు. సీసా మీది లాట్ నంబరు కాగితాన్ని చించి డైరీలో అతికించి, తేదీ, ఏ కీలు అన్నది రాసుకుంటారు. మే నెల ఎండలో బస్సులో ఐసు ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని జిల్లా ఆసుపత్రి నుంచి మందు తెచ్చుకునేదీ ఈ తల్లులే.

రక్తం కారాక ఎక్కించడమా, కారకుండా ముందే ఎక్కించడమా అన్నదే ఈ వైద్యంలో అసలు ప్రశ్న. స్వీడన్‌లోని మాల్మోలో ఇంగా మేరీ నిల్సన్ 1958లోనే పిల్లలకు ముందస్తుగా క్రమం తప్పకుండా ఫ్యాక్టర్ ఇవ్వడం మొదలుపెట్టారు. వారి కీళ్లు నిలిచాయి. ప్రపంచ హిమోఫిలియా సమాఖ్య 2020 మార్గదర్శకాలు, రక్తస్రావం జరిగాక మాత్రమే ఇచ్చే వైద్యాన్ని దీర్ఘకాలిక పద్ధతిగా ఒప్పుకోవడం లేదు. మన ప్రభుత్వ వైద్యం చాలాకాలం ఆ పద్ధతి మీదే నడిచింది. దానివల్ల ప్రాణాలు దక్కాయి, మోకాళ్లు దక్కలేదు. కిలోకు పది యూనిట్ల చొప్పున వారానికి రెండుసార్లు ఇచ్చే తక్కువ మోతాదు ముందస్తు చికిత్స కూడా రక్తస్రావాలను బాగా తగ్గిస్తుందని మన దేశంలోనూ, చైనాలోనూ తేలింది. ఏడాదికి ఖర్చయ్యే ఫ్యాక్టర్ మాత్రమే లెక్క చూసి, పాతికేళ్ల తర్వాత మోకాలి మార్పిడికి, పోయిన ఉద్యోగానికి అయ్యే ఖర్చును చూడకపోవడం పొరపాటు.

తీవ్రమైన హిమోఫిలియా-ఎ ఉన్నవారిలో దాదాపు ముప్పై శాతం మందికి ఎక్కించిన ఫ్యాక్టర్‌నే శరీరం శత్రువుగా చూసి విరుగుడు తయారుచేసుకుంటుంది. దీన్ని ‘ఇన్హిబిటర్’ అంటారు. అప్పుడు మామూలు ఫ్యాక్టర్ పని చేయదు, ఆ ఫ్యాక్టర్ లేకుండానే రక్తం గడ్డకట్టించే, ఎన్నో రెట్లు ఖరీదైన ‘బైపాస్’ మందులు కావాలి. ఎమిసిజుమాబ్ అనే మందు ఈ పరిస్థితిని మార్చింది. ఎనిమిదో ఫ్యాక్టర్ చేసే పనిని అనుకరించే యాంటీబాడీ ఇది. నరం వెతకనక్కర్లేదు, చర్మం కింద వారానికో, రెండు వారాలకో, నెలకో ఒకసారి వేస్తే చాలు, ఇన్హిబిటర్ ఉన్నా పని చేస్తుంది. పక్కనే కేరళ 2024లో పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు దీన్ని ఉచితంగా ఇవ్వాలని నిర్ణయించింది.

పాత తరం మోసే భారం, కనిపించని ఆడవాళ్లు

నలభై దాటినవారి ఆరోగ్యంలో కీళ్లతో పాటు కాలేయం కూడా ఒక సమస్య. మన బ్లడ్ బ్యాంకుల్లో హెచ్ఐవీ పరీక్ష 1989లో, హెపటైటిస్-సి పరీక్ష 2001లో తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు ఎక్కించుకున్న ప్రతి ప్లాస్మా సంచీ ఒక ప్రమాదమే. హెపటైటిస్-సి ఇప్పుడు మూడు నెలల మాత్రలతో నయమవుతుంది, 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మందులు ఉచితం. కాబట్టి ఒక్కసారైనా పరీక్ష చేయించుకోని పెద్దవారు ఆ పని వెంటనే చేయాలి.

వాహకులైన ఆడవారి ఆరోగ్యం గురించి పట్టించుకున్నవారు తక్కువ. వారిలో కొందరికి ఫ్యాక్టర్ నలభై శాతం లోపు ఉంటుంది. అంటే వారికీ స్వల్ప హిమోఫిలియా ఉన్నట్టే. నెలసరిలో విపరీతంగా రక్తం పోవడం, రక్తహీనత, కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం వారికి మామూలని తేల్చేస్తారు. కడుపుతో ఉన్నప్పుడు ఎనిమిదో ఫ్యాక్టర్ పెరుగుతుంది, కాన్పయ్యాక పడిపోతుంది. తొమ్మిదోది పెద్దగా పెరగదు. పుట్టబోయేది మగబిడ్డ కావచ్చు కనుక వాక్యూమ్, ఫోర్సెప్స్ వాడకూడదు. కొడుకును నెలనెలా ఆసుపత్రికి తెచ్చే తల్లి రక్తం ఒక్కసారి కూడా పరీక్షించని చోట్లు ఎన్నో.

చట్టం, పింఛను

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో తలసీమియా, సికిల్ సెల్‌తో పాటు హిమోఫిలియా ఒకటి. వైకల్య శాతాన్ని తేల్చే సదరం ధ్రువపత్రంలో నలభై శాతం వస్తే ఉన్నత చదువుల్లో సీట్ల కోటా వర్తిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగాల నాలుగు శాతం కోటాలో మాత్రం రక్త వ్యాధుల పేరు లేదు. ఫ్యాక్టర్ ఒక శాతం ఉన్న యువకుడు ఆ కోటాలోకి రావాలంటే అతని కీలు చెడిపోయి, చలన వైకల్యం కింద లెక్కకు రావాలి. మంచి వైద్యంతో కాలు కాపాడుకున్నవారిని చట్టం బయట నిలబెడుతోంది. ఈ లోపాన్ని సరిదిద్దాలి. ఆంధ్రప్రదేశ్ తీవ్రమైన హిమోఫిలియా ఉన్నవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. కూలికి వెళ్లే ఇంట్లో ఒకరు పని మానుకుని పిల్లాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఆ డబ్బే ఆసరా.

వెల్లూరు నుంచి

చిత్తూరుకు గంట దూరంలోని వెల్లూరు సీఎంసీలో అలోక్ శ్రీవాస్తవ బృందం తీవ్రమైన హిమోఫిలియా-ఎ ఉన్న అయిదుగురికి జన్యు చికిత్స చేసి, ఆ ఫలితాలను 2024 డిసెంబరులో ప్రకటించింది. రోగి మూలకణాలనే తీసి, లెంటివైరస్ సాయంతో వాటిలో సరైన జన్యువును పెట్టి తిరిగి ఎక్కించారు. ఆ తర్వాత పరిశీలించిన కాలమంతా అయిదుగురిలో ఒక్కరికీ రక్తస్రావం కాలేదు. దీనికి ముందు ఎముక మూలుగను ఖాళీ చేసే కీమోథెరపీ తీసుకోవాలి, ఆసుపత్రిలో వారాల తరబడి ఉండాలి. ఇప్పటికే అరిగిన మృదులాస్థిని ఈ చికిత్స తిరిగి తేలేదు. ఈ ఏడాది పుట్టిన పిల్లాడు ఆ చికిత్సకు తగిన వయసుకు వచ్చేదాకా అతని మోకాళ్లను కాపాడవలసింది మాత్రం జిల్లా ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉన్న సీసాలే.